169.254 కనిపిస్తే ఎక్కడి నుంచి వెతకాలి: డీహెచ్‌సీపీ సర్వర్, కనిపించని నెట్‌వర్క్ అడాప్టర్

పొద్దున ఆఫీసు తెరిచేసరికి కొన్ని కంప్యూటర్లకు నెట్‌వర్క్ ఉంది, కొన్నింటికి లేదు. నిన్న సాయంత్రం దాకా అన్నీ బాగానే పనిచేశాయి. ఎవరూ ఏమీ మార్చలేదంటున్నారు. ప్రింటర్ మాత్రం పనిచేస్తోంది. మధ్యాహ్నానికి నెట్ లేని కంప్యూటర్ల సంఖ్య ఇంకా పెరిగింది. మీ ఆఫీసులోనో, బడి కంప్యూటర్ ల్యాబులోనో పరిస్థితి ఇలా ఉంటే, నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ మాట్లాడటం మానేసిందని అనుమానించాలి. అది మానేయడానికి కారణాలు చాలా ఉన్నా, చాలామంది ఆఖరున చూసే కారణం ఒకటుంది. ఆ సర్వర్‌ను నెట్‌వర్క్‌తో కలిపే భాగం, అంటే నెట్‌వర్క్ అడాప్టరే, విండోస్‌కు కనిపించకుండా పోయి ఉంటుంది.

ఒక విండోస్ సర్వర్, కంప్యూటర్ల కేబుళ్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు ఒకటో రెండో, కొన్ని పదుల కంప్యూటర్లు ఉన్న చిన్న నెట్‌వర్క్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ క్రమం చెబుతున్నాను. మీ ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ ఉండి, దాని అడాప్టర్ కనిపించకపోయినా అడాప్టర్ గురించి చెప్పిన భాగం అలాగే పనికొస్తుంది. ఆదేశాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి.

ముందుగా ఒక్క మాట. తప్పు ఏ వైపు ఉందో తేలేవరకు దేన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, రీసెట్ చేయకండి. ముఖ్యంగా సర్వర్ మీద నెట్‌వర్క్ రీసెట్ జోలికి పోవద్దు. అది ఉన్న అడాప్టర్లన్నింటినీ తీసేసి మళ్లీ పెడుతుంది. చేత్తో ఇచ్చిన ఐపీ అడ్రస్ అందులో పోతుంది. అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

మొదట అడ్రస్ చూడండి

నెట్ లేని కంప్యూటర్ దగ్గర కూర్చోండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ /ఆల్ అని ఇవ్వండి. వచ్చిన జాబితాలో ఈథర్నెట్ లేదా వైఫై అడాప్టర్ కింద మూడు వరుసలు చూడాలి. ఐపీవీ4 అడ్రస్ ఎంత, డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ ఎదురుగా ఎస్ ఉందా నో ఉందా, డీహెచ్‌సీపీ సర్వర్ అన్న చోట ఏ అడ్రస్ ఉంది.

అడ్రస్ 169.254తో మొదలైతే కంప్యూటర్ అడ్రస్ కోసం అడిగింది, ఎవరూ జవాబివ్వలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. 169.254.0.0 శ్రేణిని ఇందుకోసమే కేటాయించారు. ఆ అడ్రస్‌తో ఇంటర్నెట్‌కు వెళ్లలేం. అయితే ఈ సంఖ్య ఒక మంచి వార్త కూడా చెబుతోంది. ఈ కంప్యూటర్‌లోని అడాప్టర్ బతికే ఉంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ ఉంది, కేబుల్‌లో ఏదో ఒక లింకు ఉంది. వెతకాల్సింది దాని అవతల.

అడ్రస్‌కు బదులు మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉంటే అడాప్టర్ ఉంది గానీ అవతలి నుంచి సిగ్నల్ లేదు. కేబుల్, స్విచ్ పోర్టు చూడాలి. అసలు ఈథర్నెట్ అనే పేరే జాబితాలో లేకపోతే ఆ కంప్యూటర్‌కు అడాప్టరే కనిపించడం లేదు. నేరుగా అడాప్టర్ భాగానికి వెళ్లిపోండి.

అడ్రస్ మామూలుగానే 192.168తో మొదలై కూడా నెట్ లేకపోతే డీహెచ్‌సీపీ సర్వర్ వరుస దగ్గర ఆగండి. అక్కడ మీ సర్వర్ అడ్రస్ కాకుండా వేరేది ఉంటే మీ నెట్‌వర్క్‌లో ఇంకెవరో అడ్రస్‌లు పంచుతున్నారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

అందరికీ ఒకేసారి ఎందుకు పోదు

ఇది అర్థమైతే వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ లాడ్జిలో గదులిచ్చే గుమస్తా లాంటిది. గది ఇస్తుంది, రిజిస్టర్‌లో రాసుకుంటుంది, గడువు పెడుతుంది. ఆ గడువునే లీజు అంటారు. కంప్యూటర్ మొదట నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా "అడ్రస్ ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా" అని కేకేస్తుంది. సర్వర్ ఒక అడ్రస్ చూపిస్తుంది. కంప్యూటర్ అదే కావాలంటుంది. సర్వర్ ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటలూ యూడీపీ 67, 68 పోర్టుల మీద నడుస్తాయి. ఇవి కేబుల్ పెట్టే పోర్టులు కావు, సంఖ్యలతో గుర్తించే దారులు.

విండోస్ సర్వర్‌లో కొత్తగా స్కోప్, అంటే పంచాల్సిన అడ్రస్‌ల శ్రేణి, తయారుచేస్తే లీజు మామూలుగా 8 రోజులు ఉంటుంది. సగం గడువు, అంటే 4 రోజులు గడవగానే కంప్యూటర్ పొడిగింపు అడుగుతుంది. సర్వర్ పలకకపోయినా అడ్రస్ వదలదు. గడువులో 87.5 శాతం గడిచాక, అంటే 7వ రోజున, ఏ సర్వర్ అయినా సరే పొడిగించమని మళ్లీ అందరికీ వినిపించేలా అడుగుతుంది. అప్పటికీ జవాబు లేకపోతే 8 రోజులు నిండాక అడ్రస్ పోతుంది.

అందుకే సర్వర్ సోమవారం మూగబోయినా గురువారం దాకా ఎవరికీ తెలియకపోవచ్చు. ముందుగా దెబ్బ తినేవి కొత్తగా వచ్చిన ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, లీజు చివరికొచ్చిన కంప్యూటర్లు. రీస్టార్ట్ చేసిన కంప్యూటర్‌కు సర్వర్ జవాబివ్వకపోతే విండోస్, బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే గేట్‌వేను పలకరించి చూస్తుంది. గేట్‌వే పలికితే పాత అడ్రస్‌నే వాడుకుంటుంది, పలకకపోతే 169.254కు మారుతుంది. మీ ఆఫీసులో సర్వరే గేట్‌వే కూడా అయితే, పొద్దున కంప్యూటర్లు వేయగానే అన్నీ ఒకేసారి పడిపోతాయి. "నా కంప్యూటర్‌లో వస్తోంది కదా, సర్వర్ బాగానే ఉంది" అన్న మాటను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. ఆ కంప్యూటర్ నిన్నటి లీజు మీద నడుస్తూ ఉండవచ్చు. ప్రింటర్ పనిచేయడమూ అంతే. చాలా ఆఫీసుల్లో ప్రింటర్‌కు అడ్రస్ చేత్తో ఇస్తారు, దానికి సర్వర్‌తో పనే లేదు.

దారి బాగుందా, సర్వర్ మూగబోయిందా

నెట్ లేని కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ /రెన్యూ ఇచ్చి చూడండి. కాసేపు ఆగి, డీహెచ్‌సీపీ సర్వర్‌ను సంప్రదించలేకపోయాం అన్న అర్థంలో సందేశం వస్తే కింది పరీక్ష చేయండి. ఇది నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని టైప్ చేయండి. అడాప్టర్ల కిటికీ తెరుచుకుంటుంది. అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 తెరిచి, చేత్తో ఒక అడ్రస్ ఇవ్వండి. మీ నెట్‌వర్క్ 192.168.1 శ్రేణిలో ఉంటే, ఎవరూ వాడడం లేదని మీకు గట్టిగా తెలిసిన అడ్రస్, ఉదాహరణకు 192.168.1.240, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని, పక్కన సర్వర్ అడ్రస్ ఇచ్చి, అది పలుకుతుందో లేదో చూడండి.

పింగ్‌కు జవాబొస్తే కేబుల్, స్విచ్, రెండు వైపుల అడాప్టర్లు అన్నీ బాగున్నాయి. డీహెచ్‌సీపీ సర్వీసులోనే లోపం. జవాబు రాకపోతే వెంటనే సర్వర్ చచ్చిపోయిందని తేల్చకండి. ఫైర్‌వాల్ పింగ్‌కు అడ్డుపడి ఉండవచ్చు. ఏఆర్‌పీ -ఏ అని ఇచ్చి చూడండి. ఆ జాబితాలో సర్వర్ అడ్రస్, దాని పక్కన ఆరు జతల మ్యాక్ అడ్రస్, అంటే ఆ అడాప్టర్ సొంత గుర్తింపు సంఖ్య, కనిపిస్తే సర్వర్ అడాప్టర్ పలికినట్టే. ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపగలదు గానీ ఈ ఏఆర్‌పీ పలకరింపును మామూలుగా ఆపదు. జాబితాలో సర్వర్ అడ్రసే లేకపోతే దారి తెగింది, లేదా సర్వర్ అడాప్టర్ లేదు.

పరీక్ష అయ్యాక ఆ కంప్యూటర్‌ను తిరిగి ఆటోమేటిక్‌గా అడ్రస్ తీసుకునే పద్ధతికి మార్చడం మరవకండి. ఇలా మరిచిపోయిన అడ్రస్‌లే కొన్ని నెలల తర్వాత ఇంకొకరి కంప్యూటర్‌తో ఢీకొంటాయి.

ఒకే గదికో ఒకే అంతస్తుకో మాత్రమే సమస్య ఉంటే సర్వర్ దాకా వెళ్లనక్కర్లేదు. ఆ గది స్విచ్ కరెంటు, దాని నుంచి వచ్చే ప్రధాన కేబుల్ చూడండి. అంతస్తులను వేర్వేరు వీల్యాన్‌లుగా, అంటే అవే స్విచ్‌ల మీద నడిచే విడి నెట్‌వర్క్‌లుగా, విడగొట్టి ఉంటే, కంప్యూటర్ వేసే ఆ మొదటి కేక రౌటర్‌ను దాటి అవతలికి వెళ్లదు. దాన్ని మోసుకెళ్లే డీహెచ్‌సీపీ రిలే అమరిక రౌటర్‌లో సరిగ్గా ఉండాలి.

సర్వర్ దగ్గర: ముందు వెనక వైపు చూడండి

సర్వర్‌లో లాగిన్ కాకముందే దాని వెనక ఉన్న పోర్టు దీపాలు చూడండి. ఒకటి వెలుగుతూ, ఇంకొకటి మిణుకుమంటుంటే లింకు ఉంది. రెండూ ఆరిపోయి ఉంటే కేబుల్‌ను స్విచ్‌లో వేరే పోర్టుకు మార్చండి. తర్వాత, పనిచేస్తున్న ఇంకో కంప్యూటర్ కేబుల్ తెచ్చి సర్వర్‌కు పెట్టండి. ఈ రెండు మార్పులకు నిమిషం పట్టదు, ఎంతో శ్రమ మిగులుస్తాయి.

కేబుల్‌ను కళ్లతో కూడా చూడండి. చివరనున్న ప్లాస్టిక్ కొక్కెం విరిగితే కనెక్టర్ లోపల ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఊడిపోతూ ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ మీదుగా వెళ్లిన కేబుల్‌ను ఎలుకలు కొరికి ఉండవచ్చు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. 100 ఎంబీపీఎస్ వేగానికి ఎనిమిది తీగల్లో నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. గిగాబిట్‌లో నడవాల్సిన లింకు ఉన్నట్టుండి 100కు పడిపోయిందంటే కేబుల్‌లో ఏదో తీగ తెగిందని అనుమానించండి. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఆరుబయట లాగిన రాగి కేబుల్ ఉంటే, ఉరుములూ మెరుపులూ వచ్చిన రాత్రి తర్వాత రెండు చివరల పోర్టులూ పోయే ప్రమాదం ఉంది. అలాంటి చోట ఫైబర్ కేబుల్ వేయించుకోవడమే సరైన పని.

దీపం వెలుగుతున్నా సర్వర్‌లో అడాప్టర్ కనిపించకపోవచ్చు. కంప్యూటర్ ఆపేసినా లాన్ పోర్టుకు కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్‌ను లేపే సౌకర్యం కోసం అలా పెడతారు. కాబట్టి దీపం పోర్టుకు ప్రాణం ఉందని చెబుతుందే తప్ప విండోస్ దాన్ని గుర్తించిందని చెప్పదు.

అడాప్టర్ ఎందుకు కనిపించడం లేదు

విండోస్, ఎక్స్ మీటలు కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ శాఖను విప్పండి. పై మెనూలో వ్యూ కింద ఉన్న షో హిడెన్ డివైసెస్‌ను కూడా ఎంచుకోండి. ఇప్పుడు మీకు కనిపించేదాన్ని బట్టి దారి మారుతుంది.

అడాప్టర్ పేరు ఉండి, గుర్తు మీద కిందికి చూపే చిన్న బాణం ఉంటే దాన్ని ఎవరో డిసేబుల్ చేశారు. రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేస్తే సరిపోతుంది. ప్రాపర్టీస్‌లో దీనికి కోడ్ 22 ఉంటుంది.

అదర్ డివైసెస్ అనే శాఖ కింద పసుపు గుర్తుతో ఈథర్నెట్ కంట్రోలర్ లేదా నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉంటే పరికరం బాగుంది, డ్రైవర్ లేదు. కోడ్ 28 అంటే ఇదే. విండోస్ కొత్తగా వేసిన కంప్యూటర్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇది. నెట్ లేనిదే డ్రైవర్ దించుకోలేం, డ్రైవర్ లేనిదే నెట్ రాదు. దీనికి తేలికైన మార్గం మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మామూలుగా విండోస్ దాన్ని ఒక నెట్‌వర్క్ అడాప్టర్‌గా తీసుకుంటుంది. ఇది కుదరకపోతే వేరే కంప్యూటర్‌లో డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

ఏ డ్రైవర్ దించాలో ఊహించకండి. ఆ పసుపు గుర్తున్న పరికరం మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, అక్కడి జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీఈఎన్ అన్న మూడు అక్షరాల పక్కన ఉండే నాలుగు అంకెలో అక్షరాలో తయారీదారును చెబుతాయి. 10ఈసీ అయితే రియల్‌టెక్, 8086 అయితే ఇంటెల్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 14సీ3 అయితే మీడియాటెక్. డీఈవీ పక్కన ఉన్నది మోడల్. రియల్‌టెక్‌లో 8168 గిగాబిట్ చిప్, 8125 అయితే 2.5 గిగాబిట్ చిప్. ఇంతవరకు తెలిశాక ఆ కంప్యూటర్ తయారు చేసిన సంస్థ సైటుకో చిప్ తయారు చేసిన సంస్థ సైటుకో వెళ్లి సరైన డ్రైవర్ తెచ్చుకోవచ్చు. అన్ని డ్రైవర్లనూ ఒక్క నొక్కుతో సరిచేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల దగ్గరకు మాత్రం వెళ్లకండి. వాటిలో చాలా వరకు ప్రకటనలను, అక్కరలేని ప్రోగ్రాములను వెంట తెస్తాయి. సర్వర్ లాంటి యంత్రంలోకి వాటిని రానివ్వనే కూడదు.

పసుపు గుర్తుతో కోడ్ 10 లేదా 43 ఉంటే డ్రైవర్ ఉంది గానీ పరికరం మొదలవడం లేదు, లేదా లోపం ఉందని విండోస్ దాన్ని ఆపేసింది. విండోస్ అప్‌డేట్ తర్వాతే ఇది మొదలై ఉంటే ప్రాపర్టీస్‌లోని డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. కాకపోతే కింద చెప్పే పూర్తి కరెంటు కోత చేయండి.

పేరు ఉంది గానీ గుర్తు మసకగా ఉంది, కోడ్ 45 అంటోంది అనుకోండి. ఈ అడాప్టర్ ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు విండోస్‌కు అందడం లేదు. అసలు పేరే లేకపోయినా చికిత్స ఒకటే.

కంప్యూటర్‌ను మామూలుగా షట్‌డౌన్ చేస్తే చాలదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, వేయగానే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. తర్వాత గోడ స్విచ్ ఆపి, కరెంటు కేబుల్ పూర్తిగా పీకేయండి. లాన్ కేబుల్ కూడా తీయండి. పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. ఆ మిగిలిన కొద్దిపాటి కరెంటు కూడా పోతుంది. చిప్ ఏదైనా తప్పు స్థితిలో చిక్కుకుని ఉంటే, ఇంతకుముందు చెప్పిన నిలవ కరెంటు వల్ల రీస్టార్ట్‌కు అది కదలదు. ఈ పని తర్వాతే కొత్తగా మొదలవుతుంది. చాలాసార్లు అడాప్టర్ ఇక్కడే తిరిగి కనిపిస్తుంది. సర్వర్‌తో ఇది చేసేముందు అందరికీ చెప్పి, పనులు సేవ్ చేయించి, తర్వాతే ఆపండి.

అప్పటికీ రాకపోతే కంప్యూటర్ వేయగానే ఎఫ్2 లేదా డిలీట్ మీట నొక్కి, విండోస్ కంటే ముందు వచ్చే అమరికల తెర అయిన బయాస్‌లోకి వెళ్లండి. ఆన్‌బోర్డ్ లాన్ అనో ఇంటిగ్రేటెడ్ ఎన్‌ఐసీ అనో ఉండే వరుస ఎనేబుల్డ్‌లో ఉందా చూడండి. అక్కడే తేదీ, సమయం కూడా గమనించండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయిన ప్రతిసారీ బయాస్ అమరికలు మొదటికి వెళ్తున్నాయి. ఎన్నిసార్లు సరిచేసినా నిలవకపోవడానికి అదే కారణం. బ్యాటరీ మార్చి, అమరికలు మళ్లీ పెట్టి సేవ్ చేయండి.

విడిగా పెట్టిన కార్డు అయితే కరెంటు తీసి, క్యాబినెట్ తెరిచి, కార్డు బయటకు లాగండి. బంగారు రంగు పళ్ల మీద పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి దులిపి, వీలుంటే వేరే స్లాట్‌లో గట్టిగా కూర్చోబెట్టండి. ముట్టుకునే ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది.

చివరి తీర్పుకు ఒక ఉపాయం. ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే కంప్యూటర్‌ను నడపండి. అక్కడ నెట్ వస్తే పరికరం బాగుంది, విండోస్‌దే లోపం. అక్కడా కనిపించకపోతే పోర్టు పోయినట్టే అనుకోవచ్చు. సర్వర్‌కైతే మంచి కంపెనీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ లాన్ కార్డు కొని పెట్టండి. యూఎస్‌బీ లాన్ అడాప్టర్ ఆ పూట గడపడానికి సరే గానీ, రోజంతా నడిచే సర్వర్‌కు దాన్నే శాశ్వతం చేయడం నాకు ఇష్టం ఉండదు. తగిలితే ఊడిపోయేదాని మీద ఆఫీసంతా ఆధారపడకూడదు.

అడాప్టర్ తిరిగి వచ్చాక, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న చోట టిక్ తీసేయండి.

అడాప్టర్ వచ్చింది, అడ్రస్‌లు మాత్రం రావడం లేదు

చాలామంది ఇక్కడే అయోమయంలో పడతారు. సర్వర్‌లో కొత్త అడాప్టర్ పెట్టినా, డ్రైవర్ తీసేసి మళ్లీ వేసినా విండోస్ దాన్ని కొత్త పరికరంగా చూడవచ్చు. పేరు ఈథర్నెట్ 2 అవుతుంది. పాత అడాప్టర్‌కు చేత్తో ఇచ్చిన 192.168.1.10 లాంటి స్థిర అడ్రస్ పాతదాని దగ్గరే ఉండిపోతుంది. కొత్తది ఖాళీగా, ఆటోమేటిక్ పద్ధతిలో ఉంటుంది. అడ్రస్‌లు పంచాల్సిన సర్వరే తనకు అడ్రస్ ఇమ్మని అడుగుతూ, చివరకు 169.254 పెట్టుకుని కూర్చుంటుంది. స్థిర అడ్రస్ లేని అడాప్టర్ మీద విండోస్ డీహెచ్‌సీపీ సర్వీసు వినదు. సర్వీసు రన్నింగ్ అనే చూపిస్తుంది, ఎవరికీ జవాబు మాత్రం ఇవ్వదు.

కొత్త అడాప్టర్‌కు అదే స్థిర అడ్రస్ ఇవ్వబోతే, ఈ అడ్రస్ కంప్యూటర్‌లో లేని ఇంకో అడాప్టర్‌కు ఇప్పటికే ఇచ్చి ఉంది అన్న అర్థంలో విండోస్ హెచ్చరిస్తుంది. డివైస్ మేనేజర్‌లో హిడెన్ డివైసెస్ చూపించమని, మసకగా ఉన్న ఆ పాత అడాప్టర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మసకగా ఉన్నవన్నీ తీసేయకండి. మీ కార్డు పేరున్నదాన్నే తీయండి. ఆ తర్వాత కొత్త అడాప్టర్‌కు స్థిర అడ్రస్, మాస్క్, గేట్‌వే, సైట్ల పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ అడ్రస్ నాలుగూ ఇవ్వండి.

ఇప్పుడు సర్వర్ మేనేజర్‌లో టూల్స్ నుంచి డీహెచ్‌సీపీ తెరవండి. సర్వర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి యాడ్ రిమూవ్ బైండింగ్స్ ఎంచుకోండి. కొత్త అడాప్టర్ అడ్రస్ పక్కన టిక్ లేకపోతే పెట్టండి. అదే మెనూలో ఆల్ టాస్క్స్ కింద సర్వీసును రీస్టార్ట్ చేయండి. ఐపీవీ4 పక్కన పచ్చ గుర్తు రావాలి.

ఎర్ర బాణం ఉంటే, ఆఫీసు కంప్యూటర్లన్నింటినీ ఒకచోటి నుంచి నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో ఆ సర్వర్‌కు అనుమతి లేకపోయి ఉండవచ్చు. పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆథరైజ్ చేయండి. ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో 1046 సంఖ్య కనిపిస్తే అనుమతి లేదని అర్థం. 1063 కనిపిస్తే అడ్రస్‌లు అయిపోయాయి.

అడ్రస్‌లు అయిపోవడం ఈ మధ్య ఎక్కువైంది. 192.168.1.100 నుంచి 150 వరకు ఇచ్చిన స్కోప్‌లో ఉండేవి 51 అడ్రస్‌లు. ఒక్కో ఉద్యోగికి ఒక కంప్యూటర్ ఉన్నరోజుల్లో అది సరిపోయింది. ఇప్పుడు ఆఫీసు వైఫైలోకి అందరి ఫోన్లూ వస్తున్నాయి. పైగా కొత్త ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ దాచి మారు అడ్రస్ చూపిస్తాయి. ఆ మారు అడ్రస్ మారినప్పుడల్లా సర్వర్ దృష్టిలో అదొక కొత్త ఫోను, ఇంకో లీజు. స్కోప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే స్టాటిస్టిక్స్ చూస్తే ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. స్కోప్‌ను పెంచండి. ఫోన్లకు వేరే స్కోప్ ఉంటే దాని లీజును 8 రోజుల నుంచి 8 గంటలకు దించండి. లీజుల జాబితాలో బ్యాడ్ అడ్రస్ అన్న పేర్లు కనిపిస్తే, సర్వర్ పంచే అడ్రస్‌ల్లో ఒకదాన్ని ఎవరో చేత్తో తమ కంప్యూటర్‌కు పెట్టుకుని ఉంటారు.

అనుమానం తీరకపోతే సర్వర్ రాసే చిట్టా చదవండి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో డీహెచ్‌సీపీ ఫోల్డర్ ఉంటుంది. వారంలో ఒక్కో రోజుకు ఒక్కో ఫైలు. ప్రతి వరుస ముందూ ఒక సంఖ్య ఉంటుంది. 10 అంటే కొత్త లీజు ఇచ్చాం, 11 పొడిగించాం, 13 ఆ అడ్రస్‌ను అప్పటికే ఎవరో వాడుతున్నారు, 14 ఇవ్వడానికి అడ్రస్ లేదు. కంప్యూటర్ నుంచి రెన్యూ ఇచ్చాక ఇక్కడ దాని వరుసే రాకపోతే దాని కేక సర్వర్ దాకా చేరలేదు. సర్వర్‌లో వేసిన యాంటీవైరస్ ఫైర్‌వాల్ యూడీపీ 67ను ఆపుతోందేమో అప్పుడు చూడండి.

సర్వర్ లినక్స్ అయితే ముందు అడాప్టర్ పేరు చూడండి. కార్డును వేరే స్లాట్‌లోకి మార్చినా, కొత్త కార్డు పెట్టినా పేరు ఈఎన్‌పీ3ఎస్0 నుంచి ఈఎన్‌పీ4ఎస్0 లాంటిదానికి మారుతుంది. డీహెచ్‌సీపీ కాన్ఫిగ్ ఫైలులో పాత పేరే ఉంటే సర్వీసు మొదలవదు, లేదా కొత్త కార్డు మీద వినదు. పేరు సరిచేసి రీస్టార్ట్ చేస్తే చాలు. ఇంకా ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ అనే పాత సాఫ్ట్‌వేర్‌నే వాడుతుంటే, దాన్ని తయారు చేసినవారే 2022లో నిర్వహణ ఆపేశారు. వారిదే అయిన కియా అనే డీహెచ్‌సీపీ సాఫ్ట్‌వేర్‌కు మారే పని మొదలుపెట్టండి.

ఇంకెవరో అడ్రస్‌లు పంచుతుంటే

ఎవరో తమ గదికి వైఫై కావాలని ఇంటి రౌటర్ ఒకటి తెచ్చి, ఆఫీసు కేబుల్‌ను దాని లాన్ పోర్టులో పెడతారు. ఆ క్షణం నుంచి అది కూడా ఆఫీసంతటికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. ఎవరి జవాబు ముందు చేరితే కంప్యూటర్ మామూలుగా వారిదే తీసుకుంటుంది. కాబట్టి కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు, రీస్టార్ట్ చేస్తే తారుమారవుతుంది. ఐపీకాన్ఫిగ్ /ఆల్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ అన్న చోట 192.168.0.1 లాంటి తెలియని అడ్రస్ కనిపిస్తే ఇదే సంగతి. డొమైన్‌లో ఆథరైజ్ చేసే పద్ధతి విండోస్ సర్వర్లను అదుపు చేస్తుంది గానీ ఇలాంటి రౌటర్లను ఆపలేదు.

సమస్య ఉన్న కంప్యూటర్‌లో ఏఆర్‌పీ -ఏ ఇచ్చి ఆ అడ్రస్ పక్కనున్న మ్యాక్ అడ్రస్ రాసుకోండి. మీ స్విచ్ లోపలి అమరికలు చూసి మార్చుకోగల మేనేజ్డ్ రకమైతే దాని మ్యాక్ టేబుల్‌లో ఆ సంఖ్య ఏ పోర్టు మీద ఉందో చూసి, ఆ కేబుల్ వెంట నడిచి వెళ్లండి. మామూలు స్విచ్ అయితే కేబుల్‌లను ఒక్కొక్కటిగా తీసి, తీసిన ప్రతిసారీ ఐపీకాన్ఫిగ్ /రెన్యూ ఇచ్చి చూడాలి. దొరికాక రౌటర్ తెచ్చినవారిని నిందించవద్దు, వైఫై అవసరం నిజమైనదే అయి ఉంటుంది. ఆ రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి, వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్చి, మీ శ్రేణిలో దానికో స్థిర అడ్రస్ ఇచ్చి అక్కడే ఉంచండి. మేనేజ్డ్ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉంటే సర్వర్ ఉన్న పోర్టును, స్విచ్‌లను కలిపే పోర్టులను నమ్మకమైనవిగా ప్రకటించి దాన్ని ఆన్ చేయండి. మిగతా పోర్టుల నుంచి వచ్చే అడ్రస్ జవాబులను స్విచ్ అక్కడే ఆపేస్తుంది.

అన్నీ కుదిరాక రెండు కంప్యూటర్లలో రిలీజ్, రెన్యూ ఇచ్చి, ఒక ఫోనును వైఫైలోంచి తీసి మళ్లీ కలిపి, సర్వర్ లీజుల జాబితాలో మూడూ వచ్చాయో లేదో చూడండి. తర్వాత సర్వర్ అడాప్టర్ డ్రైవర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, స్థిర అడ్రస్, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్, స్కోప్ మొదలూ చివరా ఒక కాగితం మీద రాసి, రెండింటినీ సర్వర్ క్యాబినెట్ లోపలి వైపు అతికించండి.